గుండె కండరానికి రక్తం అందుతోందా? – సి.టి. పెర్ఫ్యూజన్ స్కాన్ గురించి తెలుసుకుందాం

“సిస్టరమ్మా, నా గుండెలో అరవై శాతం బ్లాకు ఉందట. ఇంక ఎన్నాళ్ళు బతుకుతాను?” విశాఖపట్నంలో పరీక్షలు చేయించుకొని, రిపోర్టుల కవరు చేతపట్టుకొని వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈ ఒక్క అంకె చూసి కొందరు రాత్రింబవళ్ళు నిద్రపోరు. మరికొందరు అర ఎకరం పొలం తాకట్టు పెట్టి స్టెంటు వేయించుకోవడానికి సిద్ధపడతారు. ఇంకొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. “సగమే కదా మూసుకుంది, ఇంకా సగం ఉంది” అని రిపోర్టును ట్రంకుపెట్టెలో పడేసి, మందులు కూడా మానేస్తారు.

ఈ ఇద్దరి పొరపాటూ ఒక్కటే. రక్తనాళం ఎంత సన్నబడిందో చెప్పే అంకెనే మొత్తం జబ్బు అనుకుంటున్నారు. అసలు తెలియవలసింది వేరే ఉంది. ఆ నాళం ద్వారా గుండె కండరానికి చాలినంత రక్తం అందుతోందా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్షలలో ఒకటి సి.టి. పెర్ఫ్యూజన్ స్కాన్. పెర్ఫ్యూజన్ అంటే కండరంలోకి రక్తం ఇంకడం. రోలుగుంట, నర్సీపట్నం పరిసరాల నుండి పెద్ద ఊళ్ళకు గుండె పరీక్షల కోసం వెళ్ళేవారు ఈ పేరును చీటీలో చూసి భయపడకుండా ఉండాలని ఈ వివరాలు రాస్తున్నాము.

గుండెకు కూడా రక్తం కావాలి

గుండె శరీరమంతటికీ రక్తం పంపుతుందని అందరికీ తెలుసు. కానీ గుండె కూడా ఒక కండరమే. దానికీ ఆహారం, ప్రాణవాయువు కావాలి. తన గదుల నిండా రక్తం ఉన్నా గుండె దాని నుండి నేరుగా ఆ పోషణ తీసుకోలేదు. బృహద్ధమని మొదట్లోనే పుట్టే రెండు చిన్న నాళాలు, వాటి కొమ్మలు గుండె మీద అల్లుకొని ఈ పని చేస్తాయి. వీటిని హృదయ ధమనులు అంటాము. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కొక్క గ్రాము గుండె కండరానికి నిమిషానికి సుమారు ఒక మిల్లీలీటరు రక్తం అందుతుంది. చెరకు మోపు ఎత్తినప్పుడో, కొండ ఎక్కినప్పుడో ఇది మూడు నాలుగు రెట్లు పెరగాలి. ఆరోగ్యంగా ఉన్న నాళాలు విప్పారి అంత రక్తాన్నీ ఇవ్వగలవు.

పొగ తాగడం, షుగరు, బి.పి., కొలెస్ట్రాల్ వంటి కారణాల వల్ల ఈ నాళాల లోపలి గోడలలో కొవ్వు చేరి దారి ఇరుకవుతుంది. దీనినే మనం బ్లాకు అంటున్నాము.

కాలువ, శివారు మడి

మన ప్రాంతంలో తాండవ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. కాలువలో పూడిక చేరిందనుకోండి. నీటి అవసరం తక్కువగా ఉన్న రోజులలో ఆ సన్నని కాలువలోనే నీరు పారి చివరి మడి వరకు చేరుతుంది. ఎవరికీ తేడా తెలియదు. అదే నాట్ల సమయం వస్తే? అందరికీ ఒకేసారి నీరు కావాలి. అప్పుడు ముందుగా ఎండేది శివారు మడి. కాలువ దగ్గర నిలబడి పూడిక ఎంత ఉందో కొలిస్తే సరిపోదు. శివారు మడికి వెళ్ళి, అందులో తడి ఉందో లేదో చూడాలి. అది కూడా నాట్ల రోజులలో చూడాలి.

గుండెలోనూ ఇంతే. శివారు మడి వంటిది గుండె కండరం లోపలి పొర. రక్తం తగ్గితే ముందు దెబ్బతినేది అదే. అమెరికా వైద్యుడు లాన్స్ గౌల్డ్ 1974లో జంతువుల మీద చేసిన ప్రయోగాలలో ఈ విషయం స్పష్టంగా తేలింది. నాళం వ్యాసం సుమారు 85 శాతం ఇరుకయ్యేవరకు విశ్రాంతిలో రక్త ప్రవాహం తగ్గలేదు. కానీ అవసరానికి పెరగవలసిన ప్రవాహం మాత్రం సగం ఇరుకయ్యేసరికే తగ్గిపోయింది. కూర్చున్నప్పుడు ఏమీ ఉండని మనిషికి నాలుగు మెట్లు ఎక్కగానే ఛాతీ పట్టేయడానికి కారణం ఇదే.

అంకెను మాత్రమే నమ్మితే ఏమవుతుంది?

సాధారణ సి.టి. యాంజియోగ్రాం, తొడ లేదా మణికట్టు దగ్గర సన్నని గొట్టం పంపి చేసే యాంజియోగ్రాం, రెండూ ముఖ్యంగా నాళం ఆకారాన్ని చూపిస్తాయి. బ్లాకు బాగా ఎక్కువగా ఉంటే, లేదా అసలే లేకపోతే సందేహం ఉండదు. ఇబ్బంది అంతా మధ్యరకం బ్లాకులతోనే.

ఫేమ్ అనే పెద్ద అధ్యయనంలో నాళం లోపలికి సన్నని తీగ పంపి, బ్లాకుకు ముందూ వెనుకా రక్తపు ఒత్తిడిని కొలిచారు. 2010లో ప్రచురించిన వివరాలను బట్టి 50 నుండి 70 శాతం వరకు కనబడిన బ్లాకులలో నూటికి 35 మాత్రమే నిజంగా రక్తాన్ని అడ్డుకుంటున్నాయి. మిగిలిన 65 చూడడానికి ఇరుకుగా ఉన్నా ప్రవాహాన్ని ఆపడం లేదు. 71 నుండి 90 శాతం వరకు కనబడిన వాటిలో కూడా నూటికి 20 అడ్డుపడనివే. కాబట్టి “అరవై శాతం” అన్న మాట విన్న వెంటనే అప్పు కోసం పరుగెత్తనవసరం లేదు. అలాగని నిర్లక్ష్యమూ కూడదు. ఆ 35 మందిలో మీరు ఒకరేమో తెలుసుకోవాలి.

ఈ స్కాన్ ఎలా పనిచేస్తుంది?

సి.టి. యంత్రాన్ని కనిపెట్టినది ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1971లో లండనులోని ఒక ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగి మెదడుకు ఈ స్కాన్ చేశారు. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ రోజులలో ఒక్కొక్క చిత్రానికి నిమిషాలు పట్టేది. నిమిషానికి డెబ్బైసార్లు కొట్టుకునే గుండెను అలాంటి యంత్రంతో ఫోటో తీయడం సాధ్యం కాలేదు. 2000 తరువాత వేగం పెరిగి, ఒక్క చుట్టుతోనే గుండె మొత్తాన్ని చూడగల యంత్రాలు వచ్చాయి. అప్పటి నుండి నాళాలతోపాటు కండరాన్ని కూడా పరిశీలించడం వీలయింది.

చేతి సిర ద్వారా అయొడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. దీనిని కాంట్రాస్టు మందు అంటారు. ఇది సి.టి.లో తెల్లగా కనబడుతుంది. రక్తంతోపాటు ఈ మందు గుండె కండరంలోకి చేరుతుంది. రక్తం బాగా అందిన భాగం వెలుగుగా, అందని భాగం నల్లగా, మసకగా కనబడతాయి. తడిసిన మడి, తడవని మడి వేరువేరుగా కనబడినట్లే.

ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిదానిలో మందు కండరానికి చేరిన సమయం చూసి ఒకే చిత్రం తీస్తారు. రెండవదానిలో సుమారు అర నిమిషం పాటు వరుసగా చిత్రాలు తీసి, మందు ఎంత వేగంగా వచ్చిందో చూసి, ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో కంప్యూటరు ద్వారా లెక్క కడతారు. మూడు ప్రధాన నాళాలూ ఒకేలా జబ్బుపడినవారికి ఈ రెండవ పద్ధతి ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే చేను మొత్తం ఒకేలా ఎండితే పక్క మడితో పోల్చి చూసినా తేడా తెలియదు. తడిని కొలిచి చూడాలి.

మరి నాట్ల సమయాన్ని స్కాన్ బల్ల మీద తేవడం ఎలా? అక్కడ పరుగెత్తించలేరు కదా. అందుకని అడినోసిన్ అనే మందును కొద్ది నిమిషాలపాటు సిరలోకి ఎక్కిస్తారు. ఇది గుండెలోని సన్న నాళాలన్నింటినీ విప్పారేలా చేస్తుంది. అన్ని తూములూ ఒక్కసారి తెరిచినట్లు అన్నమాట. అప్పుడు ఆరోగ్యమైన నాళం ఉన్న వైపు రక్తం పొంగి వస్తుంది. బ్లాకు ఉన్న వైపు వెనుకబడుతుంది. విశ్రాంతిలో తీసిన చిత్రాన్ని దీని పక్కన పెట్టి చూస్తారు.

పరీక్ష రోజున ఏమి జరుగుతుంది?

స్కాన్ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీకి ఇ.సి.జి. తీగలు, చేతికి బి.పి. పట్టీ కడతారు. చేతులకు సిర సూదులు పెడతారు. తయారీతో కలిపి ముప్పావు గంట నుండి గంట వరకు పట్టవచ్చు. చిత్రాలు తీసే సమయం మాత్రం చాలా కొద్ది.

అడినోసిన్ ఎక్కేటప్పుడు ముఖం వేడెక్కడం, ఛాతీ బరువు, ఆయాసం, తలనొప్పి రావచ్చు. చాలామంది “అయిపోయింది, ప్రాణం పోతోంది” అని హడలిపోతారు. ముందే తెలిస్తే ఆ భయం ఉండదు. ఈ మందు రక్తంలో కొన్ని సెకన్లే ఉంటుంది. ఆపిన ఒకటి రెండు నిమిషాలలో ఈ లక్షణాలు సాధారణంగా తగ్గిపోతాయి. అవసరమైతే దానికి విరుగుడు ఇంజెక్షన్ పక్కనే సిద్ధంగా ఉంచుతారు. ఏమాత్రం ఇబ్బంది అనిపించినా సిబ్బందికి నోరు తెరిచి చెప్పండి.

కాంట్రాస్టు మందు వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా వెచ్చగా పాకినట్లు, మూత్రం వచ్చేసినట్లు అనిపిస్తుంది. నిజంగా రాదు. కదలకుండా, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టడం ముఖ్యం. కదిలితే చిత్రం చెడిపోయి, లేని జబ్బు ఉన్నట్లు కనబడవచ్చు. ఊపిరి బిగబట్టడం ఇంటి దగ్గరే నాలుగైదు సార్లు సాధన చేసి వెళ్ళండి.

ముందుగా తప్పక పాటించవలసినవి, చెప్పవలసినవి

1. పరీక్షకు 24 గంటల ముందు నుండి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు మానాలి. వీటిలోని కెఫీన్ వంటి పదార్థాలు అడినోసిన్‌ను పనిచేయనివ్వవు. బస్సు దిగగానే ఒక్క టీ తాగినా పరీక్ష వాయిదా పడవచ్చు. వచ్చిన ఖర్చంతా వృథా అవుతుంది.

2. ఆస్తమా, ఉబ్బసం ఉంటే తప్పక చెప్పాలి. ఈ మందుతో ఊపిరి మరింత బిగుసుకునే ప్రమాదం ఉంది. ఆయాసానికి వాడే డెరిఫిలిన్ వంటి మాత్రలు పరీక్షను పాడుచేస్తాయి. కానీ వాటిని మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరును అడగండి.

3. కిడ్నీ జబ్బు ఉన్నవారు, షుగరు, బి.పి. చాలాకాలంగా ఉన్నవారు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ముందుగా చేయించాలి. కాంట్రాస్టు మందు కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది.

4. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి చెప్పాలి. కిడ్నీలు బాగా బలహీనంగా ఉన్నవారికి పరీక్ష తరువాత 48 గంటలు దానిని ఆపుతారు.

5. ఇంతకుముందు ఏ స్కాన్ మందుకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి. “నాకు రొయ్యలు పడవు” అని కొందరు భయపడతారు. రొయ్యలు పడకపోవడం, ఈ మందు పడకపోవడం ఒకటి కాదు. అయినా చెప్పడంలో తప్పు లేదు.

6. నాళాలు బాగా కనబడటానికి నాలుక కింద ఒక మందు ఇవ్వవచ్చు. వయాగ్రా వంటి మాత్రలు వేసుకున్నవారికి ఈ మందుతో బి.పి. ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడి దాచకండి. డాక్టరుకు చాటుగా అయినా చెప్పండి.

7. గర్భవతులు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు ముందే చెప్పాలి.

8. పాత ఇ.సి.జి., ఎకో, యాంజియోగ్రాం రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ ఒకే కవరులో తీసుకువెళ్ళండి. వీలైతే ఇంట్లోవారు ఒకరు తోడు ఉండాలి.

రిపోర్టు ఏమి చెబుతుంది?

ముఖ్యంగా మూడు రకాలుగా ఉంటుంది. విశ్రాంతిలోనూ, అడినోసిన్ ఇచ్చినప్పుడూ కండరం అంతా సమంగా వెలుగుగా ఉంటే రక్తం బాగా అందుతున్నట్లు. విశ్రాంతిలో బాగుండి, అడినోసిన్ ఇచ్చినప్పుడు మాత్రమే ఒక భాగం నల్లబడితే అక్కడ అవసరానికి రక్తం చాలడం లేదు. కండరం మాత్రం బతికే ఉంది, కాపాడుకోవచ్చు. రెండింటిలోనూ నల్లగానే ఉంటే అది ఎప్పుడో వచ్చిన గుండెపోటు మిగిల్చిన మచ్చ కావచ్చు. తనకు తెలియకుండానే గుండెపోటు వచ్చి పోయినవారిలో, ముఖ్యంగా షుగరు రోగులలో, ఇలా కనబడుతుంది.

మరొక సంగతి స్త్రీలు గమనించాలి. పెద్ద నాళాలలో బ్లాకు లేకపోయినా, కంటికి కనబడని సన్న నాళాలు జబ్బుపడి కండరానికి రక్తం తగ్గవచ్చు. షుగరు ఉన్న స్త్రీలలో ఇది అరుదేమీ కాదు. “యాంజియోగ్రాం బాగుంది కదమ్మా, నీదంతా గ్యాసు, బెంగ” అని ఇంట్లోవారు తీసిపారేయకూడదు. రక్తాన్ని కొలిచే స్కాన్లు ఇలాంటివారి బాధ నిజమైనదని చూపించగలవు.

నల్లబడితే స్టెంటు తప్పదా?

ఇది చాలామంది అడిగే రెండవ ప్రశ్న. హైదరాబాదులో డా. బి. సోమరాజు, ఏ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి 1990లలో చవకైన స్టెంటు తయారుచేసినప్పుడు పేదవారికి స్టెంటు దొరకడమే పెద్ద సంగతి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంటు ధరలకు పరిమితి కూడా పెట్టింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ మనిషికి స్టెంటు అవసరమా?

2019లో ఫలితాలు వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మంది పాల్గొన్నారు. మన దేశంలోని రోగులు కూడా అందులో ఉన్నారు. వీరికి పరీక్షలలో రక్తం తక్కువగా అందుతున్నట్లు తేలింది, కానీ జబ్బు నిలకడగా ఉంది. వెంటనే స్టెంటు లేదా బైపాస్ చేసినవారికీ, ముందు మంచి మందులతో చూసినవారికీ మూడేళ్ళకు పైగా గమనించిన కాలంలో మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్టెంటు, బైపాస్ చేసినవారికి ఛాతీ నొప్పి మాత్రం ఎక్కువగా తగ్గింది. ఎడమవైపు ప్రధాన నాళం మూసుకున్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఈ అధ్యయనంలో చేర్చలేదు. వారి సంగతి వేరు. కాబట్టి రిపోర్టు చూసి ఇంట్లో నిర్ణయించుకోవద్దు. మీ బాధ ఎంత, ఏ నాళం, గుండె బలం ఎంత అన్నవి కలిపి చూసి గుండె డాక్టరు చెప్పాలి. స్టెంటు వేసినా వేయకపోయినా మందులు, పొగ మానడం, షుగరు, బి.పి. అదుపు మాత్రం అందరికీ తప్పవు.

ఈ స్కాన్‌కు ఉన్న పరిమితులు

ఏ పరీక్షా పరిపూర్ణం కాదు. ఎనిమిది దేశాలలోని 16 ఆసుపత్రులలో 381 మందితో జరిగిన కోర్‌320 అధ్యయనంలో, యాంజియోగ్రాంలో కనబడిన బ్లాకు రోగులలో నూటికి 88 మందిని సి.టి. పెర్ఫ్యూజన్ పట్టుకుంది. థాలియం స్కాన్ తరహా న్యూక్లియర్ పరీక్ష 62 మందిని పట్టుకుంది. కానీ జబ్బు లేనివారిని ఉన్నట్లు చూపడం సి.టి.లోనే కొంచెం ఎక్కువ. అందుచేత సి.టి. యాంజియోగ్రాంతో కలిపి చదివినప్పుడే దీని విలువ.

రేడియేషన్ కూడా ఉంటుంది. యంత్రాన్ని, పద్ధతిని బట్టి మారినా, పెర్ఫ్యూజన్ భాగానికి సుమారు 5 నుండి 10 మిల్లీసీవర్టులు పడవచ్చు. నేల, గాలి, ఆకాశం నుండి ప్రతి మనిషికీ ఏడాదికి సహజంగా పడేది ప్రపంచ సగటున 2.4. అవసరం ఉన్నవారికి ఇది భయపడవలసినంత కాదు. ఏ బాధా లేనివారు “ఒకసారి చూయించుకుంటే పోలా” అని చేయించుకోవలసినది మాత్రం కాదు.

ఇది అన్ని సి.టి. సెంటర్లలోనూ చేయరు. తగిన యంత్రం, అనుభవం ఉన్న డాక్టర్లు కావాలి. దొరకనిచోట థాలియం స్కాన్, స్ట్రెస్ ఎకో, ఎం.ఆర్.ఐ. వంటివి ఇదే ప్రశ్నకు జవాబు ఇస్తాయి. బయలుదేరేముందు ఫోను చేసి అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్‌టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం కార్డు ఉన్నవారు, ఏ పరీక్ష, ఏ చికిత్స అందులో వస్తుందో ఆసుపత్రిలోని పథకం డెస్కులో ముందే తెలుసుకోండి. ఊరు వదిలి వెళ్ళిన రోజున కూలి పోతుంది, బస్సు ఖర్చు ఉంటుంది. రెండుసార్లు తిరగకుండా చూసుకోవాలి.

అతి ముఖ్యమైన హెచ్చరిక

పైన చెప్పినదంతా నిలకడగా ఉన్న జబ్బుకు మాత్రమే. విశ్రాంతిలో కూడా తగ్గని ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చేయి లేదా దవడ లాగడం, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. షుగరు రోగులలో నొప్పి లేకుండా ఒట్టి చెమటలు, ఆయాసమే రావచ్చు. అప్పుడు ఏ స్కాన్ కోసమూ వెదకకండి. గ్యాసని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోను చేసి దగ్గరలోని ఆసుపత్రికి చేరి ఇ.సి.జి. తీయించండి. నాళం పూర్తిగా మూసుకున్నప్పుడు గడ్డను కరిగించే ఇంజెక్షన్, స్టెంటు ఎంత తొందరగా అందితే అంత కండరం దక్కుతుంది. అక్కడ లెక్క నిమిషాలలోనే.

డాక్టరును అడగవలసిన నాలుగు ప్రశ్నలు

బ్లాకు ఉందని చెప్పిన రోజున కంగారులో ఏమి అడగాలో తోచదు. ఈ నాలుగు కాగితం మీద రాసుకొని వెళ్ళండి.

– అయ్యా, ఈ బ్లాకు వల్ల నా గుండె కండరానికి రక్తం తగ్గుతోందా? ఏ పరీక్షతో తెలిసింది?

– తెలియకపోతే, తెలుసుకోవడానికి నాకు సరిపోయే పరీక్ష ఏది?

– మందులతో కొంతకాలం చూడవచ్చా, లేక వెంటనే స్టెంటు గాని బైపాస్ గాని అవసరమా? ఎందుకు?

– ఏ లక్షణం వస్తే నేను ఆగకుండా ఆసుపత్రికి రావాలి?

మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. జవాబు అర్థం కాకపోతే రిపోర్టుల కవరుతో మా దగ్గరకు రండి. కూర్చోబెట్టి, మాకు తెలిసినంతవరకు విడమరచి చెబుతాము, తెలియనిది డాక్టరుగారి చేత చెప్పిస్తాము. పొలం తాకట్టు పెట్టేముందు, మందులు మానేసేముందు ఈ ఒక్క ప్రశ్న అడగడం మరువకండి: “కాలువ సంగతి సరే, శివారు మడికి నీరు అందుతోందా?”